తెల్లమచ్చ, వేడినీళ్ళ పురుగు, మా నాన్న చెరువు

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పటి సంగతి ఇది. మాది దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక పల్లెటూరు. కనుమ రోజు పొద్దున్నే అమ్మ మూకుట్లో రొయ్యలు వేయిస్తోంది. అక్క కొడుకు, రెండో తరగతి చదివే గడుగ్గాయి, పక్కనే స్టూలెక్కి నుంచుని చూస్తున్నాడు. పచ్చి వెనామీ రొయ్య బూడిదరంగులో, కొంచెం అద్దంలా ఉంటుంది కదా. రెండు నిమిషాలు వేగేసరికి ఎర్రగా అయిపోయింది. "మావయ్యా, రంగెవరేశారు?" అన్నాడు వాడు.

ఎవరూ వెయ్యలేదురా, ముందే ఉంది అన్నాను. రొయ్య ఒంట్లో ఆస్టాజాంతిన్ అని ఒక ఎర్ర పదార్థం ఉంటుంది. క్రస్టాసయనిన్ అనే ప్రొటీన్ దాన్ని తన మడతల్లో గట్టిగా పట్టుకుని ఉన్నంతసేపూ ఆ ఎరుపు బయటికి కనపడదు. వేడి తగిలేసరికి ప్రొటీన్ మడతలు విడిపోతాయి, పట్టు జారిపోతుంది, ఎరుపు బయటపడుతుంది. నేను ఇంకా మడతల దగ్గరే ఉన్నాను, వాడు స్టూలు దిగి గాలిపటం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆఫీసులో నా ప్రజెంటేషన్లకి కూడా దాదాపు ఇదే స్పందన :)

వసారాలో పేపరు చదువుకుంటున్న నాన్న మాత్రం తలెత్తకుండానే అన్నారు: "వేడి తగిలితేనే కాదురా, తెల్లమచ్చ తగిలినా ఎర్రబడుద్ది రొయ్య."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. నేనూ ఏమీ అనలేదు. మా ఇంట్లో తెల్లమచ్చ అన్న మాట తొమ్మిదేళ్ళుగా ఎవరూ పైకి అనరు.

ఎందుకో చెప్పాలంటే 2016 చివరికి వెళ్ళాలి. అప్పుడు నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. గుడివాడలో మావయ్య వాళ్ళింట్లో ఉండి కాలేజీకి వెళ్ళొచ్చేవాణ్ణి. మావయ్యవి మంచినీళ్ళ చేపల చెరువులు, నాన్నవి ఉప్పునీళ్ళ రొయ్యల చెరువులు, ఒక్కోటి రెండెకరాలు, రెండు. పండక్కి కలిస్తే కట్ల, రోహు గొప్పా, రొయ్య గొప్పా అని వాళ్ళిద్దరూ వాదించుకోవడం మాకు సినిమా లాంటిది. చేప నిదానంగా డబ్బిస్తుంది, రొయ్య ఇస్తే ఒక్కసారే ఇస్తుంది, తీసుకుంటే కూడా ఒక్కసారే తీసుకుంటుంది అనేవాడు మావయ్య.

ఆ ఏడాది చలికాలం పంటకి నాన్న ఒక చెరువులో నాలుగు లక్షల పిల్ల వెయ్యాలనుకున్నారు. చీరాల వైపు హేచరీ నుంచి సీడు. కొనేముందు శాంపిల్ టెస్టు చేయించాలి. సెలవుల్లో ఉన్నాను కాబట్టి ఆక్సిజన్ నింపిన కవర్లో ఆ పిల్లని పట్టుకుని అవనిగడ్డ, చల్లపల్లి మీదుగా బస్సులో బందరు వెళ్ళి, ఒక ల్యాబులో ఇచ్చింది నేనే. సాయంత్రం దాకా అక్కడే తిరిగి, రిపోర్టు తీసుకుని, పావుకిలో బందరు లడ్డూ కూడా కొనుక్కుని ఇంటికొచ్చాను. రిపోర్టులో వైట్ స్పాట్ దగ్గర 'నెగటివ్' అని ఉంది.

అప్పుడే నాన్న చెరువు చుట్టూ పీతల కంచె సంగతి ఎత్తారు. గట్టు చుట్టూ మూరెడు ఎత్తున వల పాతితే పక్క చెరువుల నుంచీ కాలవ నుంచీ పీతలు పాకి రావు. తెల్లమచ్చ వైరస్ పీతల్లో కూడా బతుకుతుంది, అవి మోసుకొస్తాయి. పాత కంచె చినిగిపోయింది, కొత్తది వెయ్యాలంటే ఇరవై వేల దాకా అవుతుంది. నేను రిపోర్టు ఊపుతూ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "పీసీఆర్ లో నెగటివ్ వచ్చాక ఇంకేం భయం నాన్నా? అది డీఎన్ఏ టెస్టు, తప్పదు. ఈసారికి కంచె వదిలెయ్."

ముప్ఫై ఎనిమిదో రోజు పొద్దున చెక్ ట్రేలో మేత అలాగే మిగిలిపోయింది. సాయంత్రానికి రొయ్యలు గట్టు వారకి చేరాయి. చేత్తో పట్టుకుంటే ఎర్రగా ఉన్నాయి, తలమీద డొప్ప ఊడదీసి వెలుతురులో పెడితే లోపల తెల్లటి మచ్చలు. తెల్లమచ్చ ఒకసారి విరుచుకుపడిందంటే మూడు నుంచి పది రోజుల్లో చెరువు ఖాళీ అవుతుంది. మాకు ఐదు రోజులు పట్టింది. మేత అప్పు తీర్చడానికి ముప్పావెకరం మాగాణి అమ్మాం. అక్క పెళ్ళి ఏడాదిన్నర వెనక్కి పోయింది. ఆ రిపోర్టు కాగితం మాత్రం నాన్న చింపలేదు, బీరువాలో పట్టాదారు పాస్ పుస్తకంలో పెట్టారు.

ల్యాబు వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళు తమకిచ్చిన శాంపిల్ గురించి నిజమే చెప్పారు. ఆ కాగితానికి అది చెప్పని మాట అంటగట్టింది నేను. ఉద్యోగంలో చేరాక, రాత్రిళ్ళు బిల్డ్ పూర్తయ్యేదాకా ఖాళీగా కూర్చోవాల్సి వచ్చినప్పుడల్లా ఈ పీసీఆర్ అంటే అసలేంటో చదవడం మొదలుపెట్టాను. చదివిందాంట్లో నన్ను బాగా పట్టుకున్నది రొయ్య కాదు, వైరస్ కూడా కాదు, ఆ టెస్టు లోపల పనిచేసే ఒక ఎంజైము. అది వేడినీళ్ళ బుగ్గలో బతికే సూక్ష్మజీవి నుంచి వచ్చింది.

పీసీఆర్ అంటే మనవాళ్ళకి ఈజీగా అర్థమయ్యేది, ఒక ఫర్ లూప్. తెల్లమచ్చ వైరస్ డీఎన్ఏలో సుమారు మూడు లక్షల అక్షరాల జతలుంటాయి. అందులో దానికి మాత్రమే ఉండే ఒక చిన్న ముక్కని ఎంచుకుని, శాంపిల్లో ఆ ముక్క ఉంటే కంటికి కనపడేంతగా కాపీలు తియ్యడమే టెస్టు. లూపులో మూడే స్టెప్పులు. ట్యూబుని 95 డిగ్రీల దాకా వేడి చేస్తే డీఎన్ఏ జంట పోగులు విడిపోతాయి. 55 దగ్గరికి చల్లారిస్తే, మనం వెతికే ముక్క రెండు చివర్లా ప్రైమర్లు వెళ్ళి అతుక్కుంటాయి. మళ్ళీ 72కి పెంచితే పాలిమరేజ్ అనే ఎంజైము అక్కణ్ణుంచి అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతుంది. ఒక్కో చుట్టుకీ కాపీలు రెట్టింపు. ఏ లోపమూ లేకుండా ముప్ఫై చుట్లు తిరిగితే ఒక్క ముక్క 107 కోట్లు అవుతుంది. రెండు టు ది పవర్ ముప్ఫై, మనకి కొత్త కాదు. ముక్క అసలు లేకపోతే ఎన్ని చుట్లు తిరిగినా సున్నా సున్నాయే.

2020లో కరోనా వచ్చి ఊరూరా ఆర్టీపీసీఆర్ అంటుంటే నాన్న టీవీ చూస్తూ "మన రొయ్యల టెస్టే కదరా" అన్నారు. నిజంగా అంతే. కరోనాది ఆర్ఎన్ఏ కాబట్టి ముందు దాన్ని డీఎన్ఏగా మార్చే స్టెప్పు ఒకటి ఎక్కువ. దేశంలో సగం మందికి ఆ ఏడాదే తెలిసిన పేరు మా దివిసీమ రైతులకి ఎప్పట్నుంచో తెలుసు.

సరే, ఆ లూపులో బగ్ ఎక్కడుందో చూశారా? మొదటి స్టెప్పులోనే ఉంది. 95 డిగ్రీలకి వేడి చేస్తే డీఎన్ఏ పోగులతో పాటు పాలిమరేజ్ కూడా పాడైపోతుంది. అదీ ప్రొటీనే కదా, మూకుట్లో రొయ్యకి పట్టిన గతే దానికీ పడుతుంది. ఉడికిన గుడ్డుని చల్లార్చినా మళ్ళీ పచ్చి గుడ్డు కాదు. కేరీ మల్లిస్ కి ఈ పద్ధతి తోచింది 1983లో. మొదటి పేపరు వచ్చిన 1985 నాటికి వాళ్ళు వాడుతున్నది మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియా ఎంజైము. 37 డిగ్రీల జీవి. ప్రతి చుట్టు తర్వాతా ట్యూబు మూత తీసి కొత్త ఎంజైము పొయ్యాల్సిందే. లూపులో ప్రతి ఇటరేషన్ కీ ఒక మనిషి వచ్చి ఎంటర్ కొట్టాలన్నమాట. బందరు ల్యాబులో రోజుకి పదుల శాంపిళ్ళు ఇలా చెయ్యాలంటే ఎవరి వల్లా కాదు.

దానికి మందు అప్పటికి చాలా ఏళ్ళ ముందే దొరికి ఉంది. ఇండియానా యూనివర్సిటీలో పనిచేసే థామస్ బ్రాక్, ఆయన దగ్గర డిగ్రీ చదువుతున్న హడ్సన్ ఫ్రీజ్ కలిసి 1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో మష్రూమ్ పూల్ అనే వేడినీటి మడుగు నుంచి ఒక బాక్టీరియాని పట్టుకున్నారు (పేరు ఫ్రీజ్, పని వేడినీళ్ళలో!). 70 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే జీవి అది. 1969లో దానికి థర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టి ప్రకటించారు, నమూనాని అందరికీ అందుబాటులో ఉండే కల్చర్ల సేకరణలో జమచేశారు. బ్రాక్ కి రొయ్యల సంగతి తెలీదు, కరోనా సంగతి తెలీదు, పీసీఆర్ అనే మాటే అప్పటికి పుట్టలేదు. అంత వేడిలో ఏం బతుకుతుందో చూద్దామనుకున్నాడు, అంతే. 1976లో ఆలిస్ చియెన్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివాళ్ళు ఆ బాక్టీరియా పాలిమరేజ్ ని వేరుచేశారు. 1988లో దాన్ని పీసీఆర్ లో వాడిన పేపరు వచ్చింది. థర్మస్ లో టీ, అక్వాటికస్ లో ఏ, క్యూ కలిపి 'టాక్' అని ముద్దుపేరు. 95 డిగ్రీల దగ్గర కూడా అందులో సగం పాడవడానికి సుమారు నలభై నిమిషాలు పడుతుంది. మూత తియ్యక్కర్లేదు, మిషన్ లో పెట్టి టీ తాగి రావచ్చు. మల్లిస్ కి 1993లో నోబెల్ వచ్చింది. బ్రాక్ 2021 ఏప్రిల్లో తొంభై నాలుగేళ్ళ వయసులో పోయాడు. అప్పుడు ప్రపంచమంతా ఆర్టీపీసీఆర్ లైన్లలో నుంచుని ఉంది.

ఇక అసలు ప్రశ్న. ఈ టాక్ ఎందుకు ఉడకదు? నేను మొదట ఏమనుకున్నానంటే, ఇందులో ఏదో ప్రత్యేకమైన సరుకు ఉండి ఉంటుంది, మామూలు ప్రొటీన్లలో లేని ఏదో ఇనుప ముక్క లాంటిది. లేదు. మిగతా ప్రొటీన్లలో ఉండే ఆ ఇరవై రకాల అమైనో ఆమ్లాలే, 832 పూసల దండ. అదే ముడిసరుకు. తేడా దండ ఎలా మడత పడింది అన్నదాంట్లో ఉండాలి.

1995లో ఆ మడతలు బయటపడ్డాయి. యేల్ లో థామస్ స్టైట్జ్ బృందం (మన చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ తో, అడా యోనాథ్ తో కలిసి 2009లో నోబెల్ అందుకున్నాయనే), సెయింట్ లూయిస్ లో గాబ్రియేల్ వాక్స్‌మాన్ బృందం ఎవరికి వాళ్ళు టాక్ స్ఫటికాల మీదికి ఎక్స్-రేలు పంపి ఆకారం గీశారు. చూస్తే కుడి చెయ్యి లాంటి ఆకారం. అరచేయి, వేళ్ళు, బొటనవేలు, మధ్యలో డీఎన్ఏ పోగు. తమాషా ఏంటంటే 37 డిగ్రీల ఈ.కోలై ఎంజైముదీ అదే చెయ్యి. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెడితే దాదాపు సరిపోతాయి. ఇంకో తమాషా కూడా ఉంది. ఈ.కోలై దాంట్లో తప్పు అక్షరం పడితే వెనక్కెళ్ళి చెరిపే భాగం ఒకటి ఉంటుంది. టాక్ లో ఆ భాగం తాలూకు ఆకారం ఉంది గానీ పనిచేసే అమైనో ఆమ్లాలు లేవు. అంటే కాల్ చేసేవాడు లేక ఏళ్ళ తరబడి రిపోజిటరీలో పడి ఉన్న ఫంక్షన్ అన్నమాట. మన కోడ్ బేస్ గుర్తొచ్చి మనసు కుదుటపడింది.

మరి వేడికి నిలబెట్టేది ఏంటి? వాక్స్‌మాన్ వాళ్ళు రెండు ఎంజైములనీ పోల్చి చూసిన దాంట్లో పెద్ద తేడా అంటూ ఒక్కటీ లేదు. లోపలి భాగంలో నీళ్ళంటే పడని పూసలు ఇంకొంచెం బిగుతుగా, ఖాళీ లేకుండా సర్దుకున్నాయి. పైభాగంలో ఒకదాన్నొకటి తోసుకునే సజాతి విద్యుదావేశాలు తగ్గాయి. అలాంటివి అక్కడొకటి ఇక్కడొకటి. వేరే వేడి జీవుల్లో వేరే ఉపాయాలు కనపడ్డాయి. ఇటలీలో వల్కానో దీవి దగ్గర దొరికిన పైరోకాకస్ ఫ్యూరియోసస్ అని ఒక జీవి ఉంది, 1986లో ప్రకటించారు. దానికి నూరు డిగ్రీలంటే మనకి బందరు బీచిలో సాయంత్రం గాలి లాంటిది. దాని ఎంజైముల్లో ఒకదాని పైభాగంలో ప్లస్, మైనస్ ఆవేశాలు జతలు జతలుగా చేతులు పట్టుకుని పెద్ద గొలుసులా ఉన్నాయి. మరికొన్నిటిలో మలుపుల దగ్గర ప్రోలిన్ అనే బిరుసు పూస ఉంటుంది. అది అటూ ఇటూ ఊగదు కాబట్టి వేడికి మలుపు తొందరగా విచ్చుకోదు. అన్ని ఉపాయాలూ ఒకే ఎంజైములో ఉండవు, ఏ ఒక్కటీ తనంతట తాను నిలబెట్టదు.

ఇది చదివినప్పుడు నాకు మా తాతయ్య తాటాకు పాక గుర్తొచ్చింది. చిన్నప్పుడు పశువుల కోసం ఉండేది. తాటి దూలాలు, వెదురు వాసాలు, పైన తాటాకు. మేకు అన్నది లేదు, అంతా తాటినార కట్లే. ఏటా వేసవిలో తాతయ్య నిచ్చెనేసుకుని కట్టు కట్టూ లాగి చూసేవాడు. వదులైన చోట కొత్త నార చుట్టేవాడు. మాకది సోదిలా ఉండేది. ఒక్కో కట్టూ చేత్తో తెంపేంతే ఉంటుంది మరి. కానీ ఆయన 1977 నవంబరు 19 చూసినవాడు. ఆ రాత్రి ఉప్పెనకి దివిసీమలో ఏం మిగిలిందో కళ్ళారా చూసినవాడు కట్లని తేలిగ్గా తీసుకోడు.

ఎంత చిన్న కట్లు ఎంత పని చేస్తాయో లెక్కలతో సహా చూపించింది మన హైదరాబాదులోని సీసీఎంబీ వాళ్ళే. హబ్సిగూడ బస్సులో ఆ గోడ పక్కనుంచి ఎన్నోసార్లు వెళ్ళాను, లోపల ఇది జరుగుతోందని తెలీదు. ఎన్. మధుసూదనరావు గారు, ఆర్. శంకరనారాయణన్ గారు, వాళ్ళ విద్యార్థులు బాసిల్లస్ సబ్టిలిస్ అనే మామూలు మట్టి బాక్టీరియా నుంచి లైపేజ్ అనే, కొవ్వుని విరగ్గొట్టే ఎంజైముని తీసుకున్నారు. వేడి జీవిది కాదు, మామూలుదే. దాని జన్యువులో యాదృచ్ఛికంగా మార్పులు చేస్తూ, వేడికి ఎవరు నిలబడితే వాళ్ళని ఏరుతూ, మళ్ళీ మారుస్తూ పోయారు. ప్రకృతి కోట్ల ఏళ్ళలో చేసేది ల్యాబులో తరం తర్వాత తరంగా చెయ్యడం. 2008లో ప్రకటించిన పనిలో రెండే తరాల్లో ఆరు మార్పులు దొరికాయి. ఒక్కోదాన్నీ విడిగా పరీక్షిస్తే ఒక్కోటీ తనవంతు కొంచెం బలాన్ని కలిపింది. అన్నీ కలిపిన రకం, మామూలుగా విచ్చుకునే ఉష్ణోగ్రత కన్నా 15 డిగ్రీలు పైదాకా తట్టుకుంది. వేడికి పాడయ్యే వేగం పది లక్షల వంతులు తగ్గింది.

ఇంత లాభానికి కలిసిన స్థిరత్వం ఎంతో తెలుసా? మోల్ కి 3 కిలోక్యాలరీలు. అణువుల లెక్కలో అది ఒకటో రెండో హైడ్రోజన్ బంధాల ఎత్తు, తాతయ్య పాకలో రెండు నార కట్లు. ఆ రకాల ఆకారాలు కూడా ఎక్స్-రేలతో గీసి చూశారు. ప్రొటీన్ పైభాగంలో ఆవేశం ఉన్న పూసలు మధ్యలో నీటి అణువులని పట్టుకుని ఒకదానికొకటి అల్లుకున్నాయి. వేడికి నిలబెట్టడంలో ఆ అల్లికే ముఖ్యమని తేల్చారు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. వేడికి బిగిసిన ఎంజైము చల్లట్లో మొద్దుబారుతుంది అనేది మామూలుగా నిజమే. టాక్ 70 డిగ్రీల దగ్గర సెకనుకి 60కి పైగా అక్షరాలు పేరిస్తే, 37 దగ్గర ఒకటిన్నర పేరుస్తుంది. బిగింపుకి అంత ధర కడుతుంది. కానీ సీసీఎంబీ వాళ్ళ లైపేజ్ 25 నుంచి 65 డిగ్రీల దాకా పాతదానికన్నా రెండు నుంచి ఐదు రెట్లు ఎక్కువ పనిచేసింది. అంటే కట్లు సరైన చోట పడితే పని చెడక్కర్లేదు. ఆ సరైన చోటు కోసమే వాళ్ళు ప్రతి తరంలోనూ మూడు దఫాలుగా వడపోశారు.

ఇప్పుడు మళ్ళీ ఆ రిపోర్టు కాగితం దగ్గరికి వద్దాం. సీడు టెస్టుకి మామూలుగా 150 పిల్లలని తీస్తారు. ఆ అంకె ఊరికే రాలేదు. ట్యాంకులో నూటికి రెండు పిల్లలకి వైరస్ ఉందనుకుంటే, 150లో ఒక్కటీ దొరక్కుండా పోయే అవకాశం 0.98ని 150 సార్లు గుణిస్తే వచ్చేంత, 4.8 శాతం. అంటే తొంభై ఐదు శాతం ధీమా. బాగానే ఉంది కదా? నూటికి రెండు కాకుండా రెండొందలకి ఒక్కటే అనుకోండి. 0.995ని 150 సార్లు గుణించండి. 47 శాతం. దాదాపు బొమ్మా బొరుసే. రెండొందలకి ఒకటంటే నాలుగు లక్షల్లో రెండు వేలు. రెండు వేల జబ్బు పిల్లలు చెరువులోకి దిగుతున్నా, ఎంజైము తప్పు చెయ్యకపోయినా, ల్యాబు తప్పు చెయ్యకపోయినా, కాగితం మీద నెగటివ్ రావడానికి సగం అవకాశం ఉంది. ఇక పిల్ల నిజంగానే శుభ్రంగా ఉండి, వైరస్ పీతతో వచ్చి ఉంటే, ఆ టెస్టుకి దీనితో సంబంధమే లేదు. మాకు ఎటునుంచి వచ్చిందో ఇక ఎప్పటికీ తేలదు.

ఇదంతా నాలుగో సెమిస్టర్ ప్రాబబిలిటీ. పరీక్షలో ఎనభై రెండు మార్కులు వచ్చిన సబ్జెక్టు. బందరు నుంచి బస్సులో లడ్డూ తింటూ వస్తున్నప్పుడు మాత్రం ఒక్క ముక్క గుర్తురాలేదు. టెస్టులన్నీ పాసయ్యాయని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్ లోకి తోసేసేవాణ్ణి చూస్తే ఇప్పుడు నాకు కోపం రాదు, 2016 గుర్తొస్తుంది.

సీడు టెస్టు ఒక కట్టు. కంచె ఒక కట్టు. పైన కొంగలు వాలకుండా కట్టే తాళ్ళు, నీళ్ళు చెరువులోకి వదిలే ముందు వేరే చెరువులో నిలవపెట్టి బ్లీచింగ్ చల్లడం, పిల్ల పలచగా వెయ్యడం, నీళ్ళు చల్లబడే రోజుల్లో తెల్లమచ్చ ఎక్కువ విజృంభిస్తుంది కాబట్టి చలికాలం పంట మానుకోవడం, ఇవన్నీ ఒక్కో కట్టు. విడిగా చూస్తే దేనికీ పెద్ద బలం లేదు. నేను ఆ రోజు చేసింది, అన్నిటిలోకీ ఖరీదైన మిషన్ లోంచి వచ్చింది కదా అని ఒక్క కట్టు చూసుకుని పక్కది విప్పించడం.

కనుమ రోజు రాత్రి భోజనాలయ్యాక నాన్నతో గట్టు మీదికి వెళ్ళాను. ఆయన ఇప్పటికీ సాగు మానలేదు. ఆ దెబ్బ తర్వాత రెండేళ్ళు చెరువులు లీజుకిచ్చి, 2019లో మళ్ళీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఒక చెరువులోనే వేస్తారు, రెండోది నీళ్ళు నిలవపెట్టడానికి. పిల్ల సగానికి తగ్గించారు. ఆ తర్వాత కూడా ఒక పంట పోయింది, కాకపోతే పొలం అమ్మాల్సినంత కాదు. సంక్రాంతికి చెరువు ఎండగట్టి ఉంది, ఫిబ్రవరిలో నీళ్ళు పెడతారట. ఏరేటర్ల మోత లేని గట్టు మీద కప్పల అరుపులు తప్ప ఏం లేవు.

తొమ్మిదేళ్ళుగా నోట్లో నానుతున్న మాట అప్పుడన్నాను. "ఆ రోజు కంచె వద్దన్నది నేనే కదా నాన్నా."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. టార్చి వేసి తూము దగ్గర ఏదో చూసి, ఆర్పేశారు.

"నువ్వనకపోయినా వేసేవాణ్ణి కాదురా. అప్పటికే మేత కొట్లో నిండా బాకీ. జేబులో ఇరవై వేలు ఎక్కడివి? కుర్రాడు చదువుకున్నవాడు, అక్కర్లేదంటున్నాడని మీ అమ్మకి చెప్పా. అడగదు కదా అని."

నాకు ఏమనాలో తెలీలేదు. తేలికైనట్టూ ఉంది, కోపమూ వచ్చింది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా చెప్పొచ్చు కదా అనిపించింది. మరి నేనూ ఒక్కసారైనా అడగొచ్చు కదా. ఆయన ఆ కాగితం దాచుకున్నది ల్యాబు మీద కోపంతోనో, నా మీద కోపంతోనో అనుకుంటూ వచ్చాను. ఎందుకు దాచారని అడిగితే, "పిల్ల వేసేముందు ఒకసారి చూసుకుంటా" అన్నారు. అంతే.

అక్కడే గట్టు మీద కూర్చుని టాక్ సంగతీ, సీసీఎంబీ సంగతీ చెప్పాను. ఆరు మార్పులు, ఒక్కోటీ కొంచెం, అన్నీ కలిస్తే పదిహేను డిగ్రీలు. శ్రద్ధగా విన్నారు. "అయితే ఆ ఆరింటిలో ఒకటి తీసేస్తే?" అని అడిగారు. ఆ ఒక్కటి ఇచ్చే బలం తగ్గుతుంది, మిగతావి ఉంటాయి, కానీ పది డిగ్రీల దగ్గర నిలిచేది పదిహేను దగ్గర నిలవదు అన్నాను. "మరి ఆ సంగతి మాకు తెలుసుగా" అన్నారు నవ్వి.

మర్నాడు పొద్దున హైదరాబాదు బస్సు టికెట్టు సాయంత్రానికి మార్చుకుని, నాన్నతో కలిసి కంచె పని మొదలుపెట్టాం. ఆయన కర్రలు పాతుతుంటే నేను వల లాగి ముడులేశాను. నేను వేసిన ముడుల్లో సగం ఆయన విప్పి మళ్ళీ వేశారు. కోడ్ రివ్యూ ఇంత కఠినంగా మా మేనేజరు కూడా చెయ్యడు.

తా.క.: మా మేనల్లుడు రొయ్యల వేపుడు మూడుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. రంగెవరేశారో వాడికి ఇక అక్కర్లేదట.